అడగండి – చెబుతాం: కాలువ గట్టు మీద సాక్ష్యం

నేర పరిశోధన మీద ప్రశ్నలు రాయమంటే వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బురద, నీళ్ల చుట్టూనే తిరిగాయి. డెల్టా కదా! వాటిలోంచి ఐదింటికి జవాబులు.

ప్ర: మా ఊళ్లో పొలం మోటారు పోయింది. క్లూస్ టీం వాళ్లు వచ్చి బోదె గట్టు మీది అడుగుజాడల్లో తెల్లపిండి కలిపి పోశారు. ఫొటో తీసుకుంటే సరిపోదా? – ఒక పాఠకుడు, కొత్తపేట

జ: ముందు ఫొటో తీస్తారు, అచ్చు తర్వాతే పోస్తారు. రెండూ కావాలి. ఫొటోలో పొడవు, వెడల్పు తెలుస్తాయి గాని మడమ ఎంత దిగిందో, ముందు భాగం ఎంత నొక్కిందో తెలియదు. అది తెలిసేది అచ్చులోనే.

ఫొటోకు అడుగు పక్కన స్కేలు పెట్టి, కెమెరాను సరిగ్గా నెత్తిమీద నిలిపి తీయాలి. పక్కకు వాలితే కొలత తప్పుతుంది. టార్చిని నేలబారుగా పట్టి, ఒక్కో వైపు నుంచీ వెలుగు వేసి ఒక్కో ఫొటో తీస్తే గీతలు నీడతో లేస్తాయి. తర్వాత అడుగులో పడ్డ ఆకులూ పుల్లలూ తీయవచ్చు. కానీ అడుగుతోపాటు మట్టిలోకి నొక్కుకుపోయిన ఆకును మాత్రం కదపకూడదు. లాగితే దానితోపాటు గీతలూ పోతాయి.

చుట్టూ రెండంగుళాల ఎడంగా రేకు బద్దీ కట్టు కడతారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అయితే తూకంలో రెండు పాళ్ల పొడికి ఒక పాలు నీళ్లు. ఈమధ్య ఎక్కువగా వాడేది డెంటల్ స్టోన్, అంటే పళ్ల డాక్టర్లు అచ్చులకు వాడే పొడి. అది కిలోకి 300 నుంచి 350 మిల్లీలీటర్ల నీళ్లు చాలు, గట్టిదనమూ ఎక్కువ. నీళ్లలో పొడి వేయాలి గాని పొడి మీద నీళ్లు గుమ్మరించకూడదు, ఉండలు కడుతుంది. దోసెల పిండి జారుకు రాగానే పోయాలి. పోసేది కూడా నేరుగా అడుగులోకి కాదు. పక్కన గరిటె అడ్డుపెట్టి, దాని మీదుగా మెల్లగా జారనివ్వాలి. పైనుంచి పోస్తే ఆ ధారే అడుగును తవ్వేస్తుంది. ప్లాస్టర్ అయితే సగం పోశాక వెదురు పుల్లలు అడ్డంగా పరిచి మిగతా సగం పోస్తారు, లేకపోతే ఎత్తేటప్పుడు విరుగుతుంది. పచ్చిగా ఉండగానే వీపు మీద తేదీ, కేసు నంబరు గీకాలి.

అడుగులో నీళ్లు నిలిస్తే? చేత్తో తోడితే అంతా చెదిరిపోతుంది. సిరంజితో పీల్చాలి, లేదా జల్లెడతో పొడినే సన్నగా రాల్చి నీళ్లను దానికే పీల్చుకోనివ్వాలి. గట్టిపడటానికి అరగంట నుంచి గంట, తడి నేలలో ఇంకా ఎక్కువ. ఎత్తాక వెంటనే కడగడం పెద్ద తప్పు. రెండు రోజులు ఆరాలి, దానికి అంటిన మట్టి కూడా సాక్ష్యమే.

మన రేగడితో ఇంకో పేచీ ఉంది. ఆరితే కుంచించుకుపోయి బీటలిస్తుంది. పొద్దున్న తొమ్మిదంగుళాలున్న అడుగు సాయంత్రానికి అంతే ఉంటుందని నమ్మడానికి లేదు. అందుకే మొదటి గంటలోనే పోయాలి. ఇక హవాయి చెప్పుల గుర్తులు మన జిల్లాల్లో వేల కాళ్లవి ఒకలాగే ఉంటాయి. సైజు, డిజైను కలిస్తే అనుమానితుల జాబితా చిన్నదవుతుంది, అంతే. మడమ దగ్గర ఒకవైపు అరుగు, తుమ్మముల్లు దిగిన కన్నం, తెగిన అంచు ఉంటేనే ‘ఇదే చెప్పు’ అనడానికి బలం.

ప్ర: కాలువలో శవం తేలితే నోట్లో నురగ చూసి ‘పురుగుమందు తాగాడు’ అనేస్తారు. నిజంగా ఎలా తేలుస్తారు? – ఒక పాఠకురాలు, ఆకివీడు

జ: నురగ ఒక్కదాన్ని చూసి చెప్పకూడదు. మునిగిపోయినవాళ్లకూ నురగ వస్తుంది. సన్నగా, తెల్లగా, సబ్బు నురగలా ఉంటుంది. తుడిచి ఛాతీ నొక్కితే మళ్లీ వస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తాగినా ఊపిరితిత్తుల్లో నీరు చేరి నురగ వస్తుంది. అయితే అక్కడ కిరోసిన్‌లాంటి ఘాటు వాసన, గుండుసూది మొనంత కనుపాపలు తోడవుతాయి. నీళ్లలో ఒక రోజు నానిన శవంలో వాసన పోవచ్చు గనక విసెరా పరీక్షే, అంటే లోపలి అవయవాలను ల్యాబ్‌లో పరీక్షించడమే దిక్కు. జీర్ణాశయం దానిలో ఉన్నదానితో సహా, చిన్నపేగు పైభాగం సుమారు 30 సెంటీమీటర్లు, అరకిలో కాలేయం, రెండు మూత్రపిండాల్లో చెరి సగం తీస్తారు. ఇక ఉప్పు కరగదు అన్నంత గాఢమైన ఉప్పునీళ్లలో వేస్తారు. అదే ఉప్పునీళ్లు కొంచెం వేరే సీసాలో పంపడం మరవకూడదు. లేకపోతే ‘విషం ఆ ఉప్పులోదేమో’ అని రేపు కోర్టులో అడుగుతారు.

బతికుండగా మునిగాడా, చంపి పడేశారా అన్నదానికి డయాటమ్ పరీక్ష ఉంది. డయాటమ్ అంటే నీళ్లలో పెరిగే కంటికి కనబడని నాచు, దాని పెంకు ఇసుకలోని సిలికాతో తయారవుతుంది. మునిగేవాడు నీళ్లు పీలుస్తాడు, వాటిలోని డయాటమ్‌లు ఊపిరితిత్తుల గోడ దాటి రక్తంలో కలుస్తాయి, గుండె వాటిని ఎముక మూలుగ దాకా పంపుతుంది. గుండె ఆగిపోయినవాడికి నీళ్లు ఊపిరితిత్తుల దాకా చేరినా మూలుగ దాకా పోవు. తొడ ఎముక మూలుగను నత్రికామ్లంలో మరిగిస్తే మాంసం కరిగి పెంకులు మిగులుతాయి. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి, శవం దొరికినచోటి నీళ్లలోవాటితో పోల్చి చూస్తారు. ల్యాబ్‌లో కుళాయి నీళ్లు వాడితే అందులోవే కనపడతాయి, అంతా స్వేదన జలమే ఉండాలి.

మన దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. శవం లాకుల దగ్గరో, గుర్రపుడెక్కలోనో ఆగుతుంది గాని పడింది ఎగువన ఎక్కడో. దొరికినచోట ఒక్క సీసా నీళ్లు పడితే చాలదు, పడ్డాడని అనుమానమున్న రేవులోనూ ఒక లీటరు పట్టాలి. మంచినీటి కాలువ, రొయ్యల చెరువు, ఉప్పుటేరు ఒక్కోదానిలో ఒక్కో రకం డయాటమ్‌లుంటాయి. ఉప్పునీటి రకం మూలుగలో ఉండి శవం తీపి కాలువలో దొరికితే దర్యాప్తు దారి మార్చుకోవలసిందే. పరీక్షలో ఏమీ కనబడనంత మాత్రాన ‘మునగలేదు’ అనడం కూడా తప్పే. ఈ పరీక్షను ఒంటరిగా నమ్మవద్దనే మా అభిప్రాయం.

శవం మొదట మునిగి, కుళ్లి గాలి పుట్టాక తేలుతుంది. ఎండాకాలం ఒక రోజు, చలికాలం రెండు మూడు రోజులు.

ప్ర: రక్తం అంటిన బట్టలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాం. పోలీసులు కాగితం కవర్లోకి మార్చారు. ఎందుకు? – ఒక పాఠకుడు, రాజోలు

జ: తడి బట్ట ప్లాస్టిక్‌లో ఉక్కబోసుకుంటుంది, బూజు పడుతుంది, సూక్ష్మజీవులు డి.ఎన్.ఏ.ను తినేస్తాయి. శ్రావణమాసపు తేమలో అయితే మరీ తొందరగా. బట్టను నీడలో, విడిగా, కింద తెల్లకాగితం పరిచి ఆరబెట్టాలి. ఎండలో వద్దు, ఎండ కూడా డి.ఎన్.ఏ.ను పాడుచేస్తుంది. మడిచేటప్పుడు మడత మడతకూ కాగితం పెడితే ఒకచోటి మరక ఇంకోచోట అంటదు. చొక్కా, పంచె ఒకే కవర్లో పెట్టకండి.

ఒక మినహాయింపు: కిరోసిన్, పెట్రోలు పోసి కాల్చిన కేసులో బట్టలను కాగితంలో పెడితే ఆవిరంతా పోతుంది. వాటికి మూత బిగుతైన డబ్బా గాని గాజు సీసా గాని కావాలి.

ప్ర: కత్తి కాలువలోకి విసిరేస్తే వేలిముద్రలు పోయినట్టేనా? – ఒక పాఠకుడు, తణుకు

జ: పోయినట్టే అనుకోనక్కర్లేదు. చెమటలోని ఉప్పు కరుగుతుంది గాని చర్మపు జిడ్డు కొంతకాలం ఉంటుంది. దొరికిన కత్తిని తుడవడం, ఎండబెట్టడం చేయకుండా ఆ కాలువ నీళ్లతోనే డబ్బాలో పంపాలి, అప్పుడు తుప్పూ తగ్గుతుంది. తడిగా ఉండగానే మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన సబ్బునీరు చల్లితే ఆ పొడి జిడ్డుకు అంటి ముద్ర బూడిద రంగులో లేస్తుంది. మామూలు పొడి, బ్రష్షు తడిమీద పనిచేయవు. పొడి కాగితం మీద ముద్రలకు వాడే నిన్‌హైడ్రిన్ కూడా తడిసిన కాగితానికి పనికిరాదు. అది పట్టుకునే అమైనో ఆమ్లాలు నీళ్లలో కరిగిపోయి ఉంటాయి.

ప్ర: గోడ మీది ఎర్ర మరక కిళ్లీ ఉమ్మో, రక్తమో అక్కడికక్కడే తెలుస్తుందా? – ఒక పాఠకురాలు, పాలకొల్లు

జ: సగం తెలుస్తుంది. దూదిపుల్లతో మరక తీసి ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చుక్క, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తారు. కొన్ని సెకన్లలో గులాబీ రంగు వస్తే ‘రక్తం కావచ్చు’. పెరాక్సైడ్ వేయకముందే రంగు వచ్చినా, నిమిషాల తర్వాత వచ్చినా లెక్కలోకి రాదు. కొన్ని కూరగాయల రసాలు, రాగి లవణాలు కూడా ఈ రంగు తెప్పిస్తాయి గనక ఇది చివరిమాట కాదు. మనిషిదా, చేపదా, కోడిదా అన్నది ల్యాబ్‌లో తేలాలి. రొయ్యల షెడ్డులో ఎర్ర మరక కనబడితే మాత్రం రొయ్యల మీదికి తోయడానికి లేదు. వాటి రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది, ఎర్రగా ఉండదు.