పొటాషియం సిరప్ సొంతంగా వాడుతున్నారా?

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. బీపీ మాత్ర వాడతారు. నెల కిందట విరేచనాలై, కాళ్లు ఎత్తలేనంత నీరసం వచ్చింది. పొటాషియం 2.8 ఉందని సెలైన్‌లో ఎక్కించి, సిరప్ వారం వాడమన్నారు. ఇప్పటికీ మెట్లెక్కితే తొడలు లాగుతున్నాయంటే అదే సిరప్ షాపులో తెచ్చి తాగిస్తున్నా. అరటిపళ్లు, కొబ్బరినీళ్లు కూడా ఇస్తున్నా. కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?
- ఓ పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: అమ్మా, ఎన్నాళ్లన్నది తర్వాత. వారం సిరప్ అయ్యాక మళ్లీ రక్తపరీక్ష చేయించారా? మీరు రాసినదాంట్లో ఆ మాటే లేదు. చేయించకపోతే సిరప్ ఆపి, ఇవాళే సీరం ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో పొటాషియం లాంటి లవణాల పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే పరీక్ష) చేయించి మీ డాక్టరుకు చూపించండి.

పాత చీటీ చూపించి మందు తెచ్చుకోవడం మనవాళ్లకు బాగా అలవాటు. గ్యాస్ మాత్రకైతే ఏదో సర్దుకుపోవచ్చు, పొటాషియంతో కుదరదు. 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సింది 6 దాటినా ఒక్కోసారి మనిషికి ఏమీ తెలియదు, గుండె లయ మాత్రం తప్పొచ్చు. పైగా బీపీ మాత్ర ఏదో మీరు రాయలేదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి పొటాషియాన్ని ఒంట్లో నిలబెడతాయి. మూత్రం ఎక్కువ పోయించే మాత్రల్లో చాలావరకు దాన్ని బయటకు పంపేస్తాయి. రెండూ కలిపిన మాత్రలూ ఉన్నాయి. స్ట్రిప్ చూడకుండా నేను ఏం చెప్పినా గుడ్డిగా చెప్పినట్టే.

మీ ప్రశ్నకు వస్తే, ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. సెలైన్‌లో ఎక్కిస్తే రక్తంలో అంకె గంటల్లోనే పెరుగుతుంది. కణాల్లో లోటు తీరడానికి మాత్రం రోజులు, కొందరికి వారాలు పడుతుంది. కాళ్ల బలం మామూలుగా అంతకంటే ముందే తిరిగొస్తుంది. నెలైనా తొడలు లాగుతున్నాయంటే మెగ్నీషియం చూడాలి. అది తక్కువుంటే ఎంత సిరప్ తాగినా పొటాషియం మూత్రంలో పోతూనే ఉంటుంది. థైరాయిడ్, షుగర్ కూడా చూడాలి. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి, కండరాల నొప్పులు దానివల్లా రావచ్చు.

మీ వైపు అరటిపండుకు నేనేం అడ్డు చెప్పను. ఒక పండులో 400 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగుంటే ఇబ్బంది లేదు. క్రియాటినిన్ ఎక్కువని తేలితే మాత్రం పండూ, కొబ్బరినీళ్లూ డాక్టరునడిగే ఇవ్వాలి.

ఈలోగా గుండె దడ, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, కాళ్లు మళ్లీ చచ్చుబడటం లాంటివి కనిపిస్తే అనంతపురం దాకా రావాలని చూడకండి. దగ్గర్లో ఈసీజీ తీసే ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లండి. సిరప్ సీసా, మాత్రల స్ట్రిప్‌లు వెంట ఉంచుకోండి.