ఇంజన్ నంబరు కొడితే ఫొటో రావాలి

ప్రశ్న: చాలా ఏళ్లుగా రైలింజన్ల ఫొటోలు తీస్తున్నాను. నాలుగు వేల దాకా పోగయ్యాయి. సొంత వెబ్‌సైట్ పెట్టి ‘అరకు యాత్ర’, ‘సంక్రాంతి సెలవులు’, ‘గోదావరి ఉదయాలు’ అని ఆల్బములు చేశాను. ఫొటోలు బాగున్నాయంటున్నారు గానీ, కావలసింది దొరకడం లేదంటున్నారు. ఎలా సర్దుకోవాలి?
– రైలు అభిమాని, తెనాలి

జవాబు: మీ సైటు తెరిచి చూశాను. ముందు ఆ ఇంజన్ కూత తీసేయండి. రాత్రి పొద్దుపోయాక ఫోనులో తెరిస్తే మా ఇంటిల్లిపాదీ లేచి కూర్చున్నారు.

ఇక అసలు సంగతి. ‘సంక్రాంతి సెలవులు’ అన్న పేరు మీకు జ్ఞాపకమే గానీ, చూడవచ్చినవారికి ఏమీ చెప్పదు. రైళ్ల పిచ్చి ఉన్నవాడు ఎలా అడుగుతాడో మీకు నేను చెప్పాలా? ‘లాలాగూడ షెడ్డు డబ్ల్యూఏపీ-7 ఇంజన్లు ఉన్నాయా?’ ‘గోదావరి ఆర్చి వంతెన మీద రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఉందా?’ ‘ఫలానా నంబరు ఇంజన్ పాత రంగుల్లో ఉందా?’ అంటాడు. ఇంజన్ రకం, నంబరు, షెడ్డు (ఇంజన్ బాగోగులు చూసే చోటు), ఫొటో తీసిన చోటు, బండి, తేదీ. ఈ ఆరింటిలో ఏదో ఒక కొస పట్టుకునే వస్తాడు. మీరు ఫొటోను ఒక్క ఆల్బములో పడేస్తే మిగతా అయిదు దారులూ మూసుకుపోయినట్టే. ఆల్బములు ఉంటే ఉండనివ్వండి, కానీ ప్రతి ఫొటోకూ ఈ ఆరు వివరాలు విడివిడి గడుల్లో నింపండి. ఏ గడి నొక్కినా దానికి సంబంధించిన ఫొటోలన్నీ ఒకచోట కనిపించాలి.

రకాలకు కొత్త పేర్లు పెట్టే శ్రమ మీకు లేదు, రైల్వేలు ఆ పని ఎప్పుడో చేసిపెట్టాయి. మొదటి అక్షరం డబ్ల్యూ అయితే బ్రాడ్ గేజ్, వై అయితే మీటర్ గేజ్. రెండోది డి అయితే డీజిల్, ఏ అయితే ఏసీ కరెంటు. మూడోది పి అయితే ప్రయాణికుల బండ్లకు, జి గూడ్సుకు, ఎం రెండింటికీ, ఎస్ షంటింగుకు (స్టేషన్లో బోగీలను అటూ ఇటూ జరపడానికి). ముందు పేజీలో ఈ రకాలనే వరుసగా పెట్టి, ఒక్కోదానికి ఒక చిన్న బొమ్మ, పక్కన ఫొటోలు ఎన్ని ఉన్నాయో అంకె వేయండి. కొత్తవారికీ చూడగానే అర్థమవుతుంది.

ఒక ఫొటో తీసుకుందాం. ఉదయం పూట 12718 రత్నాచల్ విజయవాడ నుంచి వస్తూ రాజమండ్రి దగ్గర గోదావరి దాటుతోంది అనుకోండి. మీరు కింద ‘గోదావరి మీద రత్నాచల్’ అని రాసి ఊరుకున్నారు. ఏ వంతెన? అక్కడ రైలు వంతెనలు మూడున్నాయి. 1900లో వచ్చిన హేవ్‌లాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన ఉంది, 1997లో పూర్తయిన ఆర్చి వంతెన ఉంది. వంతెన పేరు లేని గోదావరి ఫొటో అభిమానికి సగమే పనికొస్తుంది. ఊరి పేరు కూడా చూడండి. కొందరు రాజమండ్రి అని కొడతారు, కొందరు రాజమహేంద్రవరం అంటారు, పాతకాపులు స్టేషన్ కోడ్ ఆర్‌జేవై అని కొడతారు. మూడూ ఒకే పేజీకి చేరాలి. వాల్తేరుకూ విశాఖపట్నానికీ ఇదే సూత్రం.

బండి నంబర్లతో ఇంకో చిక్కు. 2010 డిసెంబర్‌లో నాలుగంకెల నంబర్లు అయిదంకెలయ్యాయి, 2718 కాస్తా 12718 అయింది. అంతకుముందు తీసిన ఫొటోలకు పాత నంబరే రాయండి, అదే నిజం. కానీ వెతికేటప్పుడు పాతదీ కొత్తదీ రెండూ తగలాలి.

షెడ్డు విషయంలో చాలామంది పప్పులో కాలేస్తారు. ఇంజన్లు ఒక షెడ్డు నుంచి మరోదానికి బదిలీ అవుతాయి. ఇవాళ గుత్తిలో ఉందని, పదేళ్ల కిందటి కాజీపేట ఫొటోకు గుత్తి అని రాయకూడదు. ఫొటోలో ఇంజన్ పక్కన రాసి ఉన్న పేరే రాయండి. నంబరు మాత్రం ఇంజన్‌తోనే పోతుంది కాబట్టి ఒక్కో నంబరుకు ఒక పేజీ ఇవ్వండి. ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉన్న తొలి డబ్ల్యూడీఎం-2 చూసినవాడు 18040 అని కొడితే దాని ఫొటోలన్నీ తేదీల వరుసలో రావాలి. పునర్నిర్మాణం అయిన కొన్ని డీజిల్ ఇంజన్లకు నంబరు చివర ‘ఆర్’ ఉంటుంది, అది కొట్టకపోయినా దొరకాలి.

పేజీ రూపం గురించి రెండు మాటలు చాలు. కిందికి లాగేకొద్దీ అంతు లేకుండా వచ్చే పద్ధతి వద్దు. పేజీల నంబర్లు పెట్టండి. ఫొటో చూసి వెనక్కి నొక్కితే ఇంతకుముందున్న చోటికే రావాలి. మీ సైటులో మళ్లీ మొదటికి పోతోంది, నాకు ఓపిక చచ్చింది అక్కడే. కెమెరాలోంచి వచ్చిన పెద్ద ఫైళ్లు అలాగే ఎక్కించకండి. జాబితాలో చిన్న బొమ్మ, నొక్కితే 1600 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ సరిపోతాయి.

నాలుగు వేలకూ ఒకేసారి కూర్చోకండి. తేదీ ఎలాగూ ఫైలులోనే ఉంటుంది (కెమెరా గడియారం సరిగ్గా ఉంటే). ముందు ఇంజన్ నంబర్లు నింపండి, ఎక్కువమంది వెతికేది అదే.

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో పనిచేశారు. ఆయన తీసిన మీటర్ గేజ్ నలుపు-తెలుపు ఫొటోలు ఒక పెట్టెడు ఉన్నాయి. తేదీలు లేవు. వీటిని ఇంటర్నెట్‌లో ఎలా పెట్టాలి?
– పాఠకురాలు, నంద్యాల

జవాబు: తేదీ ఊహించి రాయకండమ్మా. ఫొటో చెప్పినంత వరకే రాయండి. బోగీ మీదో, ఇంజన్ మీదో దక్షిణ మధ్య రైల్వే అక్షరాలుంటే ఆ ఫొటో 1966 అక్టోబర్ 2కు ముందుది కాదు, ఆ జోన్ పుట్టిందే ఆ రోజు. అప్పుడు ‘1966 లేదా ఆ తరువాత’ అని రాస్తే చాలు. భూతద్దంతో ఇంజన్ నంబరు పలక చూడండి. వైపీ, వైజీ అని కనిపిస్తే అవి మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్లు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి, ఫొటో వెనక వైపు కూడా. ఆయన పెన్సిల్‌తో ఏదైనా రాసి ఉండవచ్చు.

ప్రశ్న: పట్టాల మధ్య నిలబడి తీసిన ఫొటోలు నా దగ్గర అద్భుతంగా ఉన్నాయి. సైటులో పెట్టవచ్చా?
– విద్యార్థి, వరంగల్

జవాబు: పెట్టకండి, ఇకపై తీయకండి కూడా. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి చొరబడితే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైన చెప్పినట్టు తేదీ, చోటు, ఇంజన్ నంబరుతో సహా ఎక్కించారంటే మీ మీద సాక్ష్యం మీరే సర్దిపెట్టినట్టు.