అన్నగారి డబ్బు హక్కా?

ప్రశ్న: ఉద్యోగం పోయింది. ఇంటి లోన్, క్రెడిట్ కార్డు బాకీ మెడ మీదున్నాయి. బాగా స్థిరపడ్డ అన్నయ్య ఆదుకోవాలి కదా! నా ఆశ తప్పా?

జవాబు: ఉద్యోగం పోతే డబ్బిచ్చే బీమా ఏదైనా జీతంలో కోత పెట్టించుకుని ఉంటే అది మీ హక్కు; మొహమాటం లేకుండా గడువులోపే దరఖాస్తు పెట్టండి. అన్నగారిది మాత్రం సాయం. ఎంత కావాలో, ఎప్పటికి తీరుస్తారో కాగితం మీద రాసి అడగండి.

అంతకంటే ముందు, వాయిదా తప్పకముందే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. తప్పాక వెళ్తే జరిమానా, పైగా బేరమాడే బలం పోతుంది. వాళ్లు వాయిదాలు ఆపినా వడ్డీ సాధారణంగా ఆగదు, అసలులో కలుస్తుంది; చివరికి ఎంత పెరుగుతుందో అడిగి తెలుసుకోండి. తిండి, మందులు, కరెంటు ముందు. ఇల్లు తాకట్టులో ఉంది కనుక తర్వాత దాని వాయిదా. ఆ తర్వాతే కార్డు. దానికి కనీస మొత్తమే కడుతూ పోతే చాలావరకు వడ్డీకే సరి.