మా వీధి కుక్క కరిచి రెండు రోజులైంది. గాయం చిన్నదే, రక్తం కాస్తే వచ్చింది. ఇప్పుడు రేబిస్ టీకా వేయించుకుంటే పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఇది చదవడం తర్వాత, ముందు ఆస్పత్రికి బయల్దేరండి. గాయం చిన్నదే, రక్తం కాస్తే వచ్చిందన్నారు. పన్ను దిగి రక్తం వచ్చిందంటే అది మూడో కేటగిరీ కిందే లెక్క, అంటే అన్నిటికన్నా తీవ్రమైన రకం. బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారన్న భయం మాత్రం వద్దు, అవి పోయి 20 ఏళ్లు దాటింది.

ఓ సంక్రాంతికి మా ఊళ్లో వీధికుక్క నా పిక్క పట్టుకుంది. నానమ్మ కారం డబ్బా పట్టుకొచ్చింది, పెదనాన్న సున్నం రాయమన్నాడు. మా వదిన వాళ్ల మాట వినకుండా నన్ను బోరింగు కింద కూర్చోబెట్టి బట్టల సబ్బుతో పావుగంట కడిగింది. రేబిస్ వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది, సబ్బుకు అది చెదిరిపోతుంది. మీరు కడగకపోయి ఉంటే ఇప్పుడైనా కడగండి.

ఆస్పత్రిలో జబ్బకు ఒక ఇంజెక్షన్, గాయంలోనూ చుట్టూనూ ఇంకోటి. రెండెందుకని అడిగాను. టీకాలో ఉండేది చంపిన వైరస్. దాన్ని చూసి మన ఒళ్లు సొంతంగా యాంటీబాడీలు, అంటే వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్లు, తయారుచేసుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందాకా చేబదులు తెచ్చుకున్న యాంటీబాడీలే ఆ రెండోది, ఇమ్యునోగ్లోబ్యులిన్. ఏడ్చింది దానికే, అబద్ధమెందుకు. టీకా మొదలుపెట్టి 7 రోజులు దాటితే ఇక అది వేయరు, కాబట్టి మొదటి రోజే అడగండి.

కరిచాక వేసినా టీకా ఎందుకు పనిచేస్తుందంటే, ఈ వైరస్ నరం పట్టుకుని మెల్లగా మెదడుకు పాకుతుంది. లక్షణాలు కనబడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కనబడ్డాక మాత్రం మనిషి దక్కడం దాదాపు లేదు. 1885లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ ఈ వ్యవధినే నమ్ముకుని, కుక్క కరిచిన 9 ఏళ్ల జోసెఫ్ మైస్టర్‌కు, జబ్బుపడిన కుందేళ్ల వెన్నుపాము ఎండబెట్టి చేసిన మందు ఎక్కించాడు. పిల్లాడు బతికాడు.

బొడ్డు సూదులు మా నాన్నకు చిన్నప్పుడు పడ్డాయి. 1911లో హిమాచల్‌ప్రదేశ్‌లోని కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ డాక్టర్ రూపొందించిన పద్ధతి అది. గొర్రె మెదడులో పెంచిన వైరస్‌ను ఫినాల్ అనే రసాయనంతో చంపి వాడేవారు. బలం తక్కువ కాబట్టి అన్ని డోసులు, అంత మందు పట్టడానికి పొట్ట. పైగా ఆ మెదడు పదార్థంతో పోరాడబోయి కొందరి ఒళ్లు తమ నరాల మీదే పడేది, కాళ్లు చచ్చుబడేవి. మన దేశంలో దాన్ని 2004 చివరికల్లా ఆపేశారు. ఇప్పటి టీకాల వైరస్‌ను ల్యాబ్‌లో కణాల్లో పెంచుతారు, కోతి కిడ్నీ నుంచి వచ్చిన వెరో కణాలు అందులో ఒకటి.

మొదటి టీకా రోజును 0 అనుకుంటే, నాకు 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు పడ్డాయి. చాలా ప్రభుత్వాస్పత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో నాలుగుసార్లు వెళ్తే చాలు. మధ్యలో నేను హైదరాబాద్ వచ్చేశాను, చీటీ చూపిస్తే మిగతావి ఇక్కడే వేశారు. మీ వీధి కుక్క బాగానే తిరుగుతోందని ఆగకండి. 10 రోజులు దాని మీద కన్నేసి ఉంచండి, అప్పటికీ అది ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరే చెబుతారు.