డేటా కార్డు: గీతలు కాదు, అంకెలు చూడండి

ప్రశ్న: మాది పాడేరు దగ్గర పల్లె, రేకుల ఇల్లు. ల్యాప్‌టాప్‌కు 4జీ డేటా కార్డు పెట్టి ఆన్‌లైన్ క్లాసులు వింటున్నాను. గీతలు మూడున్నా వీడియో ఆగిపోతోంది, పరీక్షల ముందు టెన్షన్‌గా ఉంది. సిగ్నల్‌ను కొలిచి పెంచుకోవచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: గీతలకు ఉమ్మడి కొలత లేదమ్మా, ఒక్కో కంపెనీ ఒక్కోలా చూపిస్తుంది. కార్డు పెట్టాక బ్రౌజర్‌లో దాని సెట్టింగుల పేజీ తెరవండి. అడ్రసు కార్డు మీదో పెట్టె మీదో ఉంటుంది. చాలా కార్డుల్లో అక్కడ ‘ఆర్‌ఎస్‌ఆర్‌పీ’ అనే అంకె కనిపిస్తుంది. టవర్ నుంచి అందే సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చెప్పేది అదే. మైనస్ 90 డీబీఎం, అంతకన్నా సున్నాకు దగ్గరగా ఉంటే బాగున్నట్టే. మైనస్ 110 కన్నా దిగువకు పడితే వీడియో కష్టం. మూడు డీబీ మెరుగైనా అందే శక్తి రెట్టింపవుతుంది కాబట్టి చిన్న మార్పునూ తీసిపారేయకండి. పక్కనే ‘ఎస్‌ఐఎన్‌ఆర్’ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత ఉందో చెప్పే అంకె) ఉంటే అదీ చూడండి. అది సున్నాకు దిగువన ఉంటే రొద ఎక్కువని అర్థం.

మీ అసలు శత్రువు ఆ రేకులే. ఇనుము సిగ్నల్‌ను లోపలికి రానివ్వదు. రెండు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, కార్డును కిటికీ బయటికి, వీలైనంత ఎత్తుకు చేర్చండి. వానకు తడవనివ్వకండి. చోటు మార్చిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగి అంకె రాసుకోండి. బజార్లో దొరికే బూస్టర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, అనుమతి లేకుండా వాటిని వాడటం మన దేశంలో నేరం.

అంకెలు బాగుండి సాయంత్రాలు మాత్రమే నెమ్మదిస్తుంటే టవర్ మీద రద్దీ ఉన్నట్టు. అప్పుడు రికార్డు చేసిన పాఠాలను తెల్లవారుజామున డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.