తమిళం పలికిన నోటికి జర్మన్ పలకదా?

ప్రశ్న: మాది చిత్తూరు. తిరుపతిలో డిగ్రీ చేశాను. వయసు 22. రెండేళ్లుగా జర్మన్ నేర్చుకుంటున్నాను. భాష బాగా పట్టుబడాలని జర్మనీలో ఆరు నెలల కోర్సుకు వెళ్లాలని ఆశ. అక్కడ ఒక జర్మన్ కుటుంబంతో ఉండే ఏర్పాటు కూడా కుదిరింది. దీనికోసం నాన్న మామిడితోట మీద అప్పు తీసుకుంటున్నారు. అమ్మ రోజూ ఏడుస్తోంది. ఎవరైనా జర్మన్‌లో పలకరిస్తే నాకు నోరెండిపోతుంది. అక్కడికెళ్లి మూగదానిలా ఉండిపోతానేమోనని టెన్షన్. వెళ్లనా, మానేయనా? (బీ1 అనే మధ్యస్థాయి జర్మన్ పరీక్షలో మాట్లాడే భాగం పోయింది. ఇంట్లో అంతా పాసయ్యానని చెప్పాను.)
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: నా కూతురి ఈడుదానివి, ‘నువ్వు’ అనే అంటాను. ఉత్తరమంతా ఒక ఎత్తు, చివర బ్రాకెట్లో పెట్టిన రెండు ముక్కలు ఒక ఎత్తు. నా కన్ను మొదట వాటి మీదే పడింది.

వెళ్లు. కానీ దానికి ముందు రెండు పనులున్నాయి.

మొదటిది, ఆ బ్రాకెట్లో మాట నాన్నకు ఈ వారంలోనే చెప్పు. ఇంట్లో అందరి ముందు వద్దు, తోట దగ్గర చెప్పు. కోప్పడతారు, ఒక పూట అన్నం మానేస్తారేమో. అయినా అప్పు చేసేది ఆయన. ఉన్న సంగతంతా తెలిసి చేయాలి. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే సంస్థ వాళ్ల బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలుంటాయనీ, ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలనీ, పోయినదొక్కటే మళ్లీ కట్టొచ్చనీ వివరంగా చెప్పు. ‘ఒక సబ్జెక్టు సప్లీ’ అంటే ఏ నాన్నకైనా ఇట్టే అర్థమవుతుంది.

రెండోది, ఆ సప్లీ ఏదో ఇక్కడే తేల్చుకుని విమానమెక్కు. గోథే వాళ్ల కేంద్రం, మాక్స్ ముల్లర్ భవన్, చెన్నైలోనే ఉంది. పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు.

ఇక నోరెండిపోయే సంగతి. నీకు తమిళం వచ్చా? చిత్తూరు పిల్లవి, రాకుండా ఉండదు. ఎవరు నేర్పారు? పూలమ్మే ఆమె, వేలూరు బస్సు కండక్టరు, పక్కింటి తమిళ అవ్వ. తప్పులు మాట్లాడి ఉంటావు, వాళ్లు నవ్వి ఉంటారు, బేరం మాత్రం ఆగలేదు. ఎవరూ మార్కులు వేయలేదు మరి. జర్మన్ నీకు మార్కులతోనే మొదలైంది. అందుకే నోరు తెరిచేలోపే లోపల ఎవరో ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటున్నారు.

నిజానికి ఆ భాష మనకు అనుకున్నంత పరాయిది కాదు. అమ్మాయిని వాళ్లు ‘డాస్ మేడ్‌షెన్’ అని నపుంసకలింగంలో పెడితే క్లాసులో అందరూ ముక్కున వేలేసుకుంటారు. మనమో? ‘పాప వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అని ఇద్దరికీ ఒకే క్రియ. ‘ఎందుకంటే’కు వాళ్లు వాడే ‘వైల్’ వస్తే క్రియ ఆ వాక్యం చివరికి పోతుంది. తెలుగులో క్రియ ఉండేదే చివర. ‘డూ’ అంటే నువ్వు, ‘జీ’ అంటే మీరు. నువ్వుండబోయే ఇంట్లో పెద్దవాళ్లు ‘డూ’ అనమని చెప్పేదాకా ‘జీ’తోనే పిలువు.

ఆ కుటుంబాన్ని మాత్రం వదలొద్దు. నాకున్న భయమల్లా ఇక్కడే. అక్కడ తెలుగువాళ్లు కలుస్తారు, కలవాలి కూడా, ఉగాదికి పిలిస్తే వెళ్లు. అద్దె కలిసొస్తుందని నలుగురు తెలుగమ్మాయిల గదికి మారావో, ఆరు నెలలకు నీకు బాగా వచ్చేది హైదరాబాద్ యాస. ఆ ఇంట్లో అయితే చెత్త ఏ డబ్బాలో వేయాలన్నా అడగాలి. ఆదివారం దుకాణాలు ఉండవు కాబట్టి శనివారమే పాలకూ బియ్యానికీ పరుగెత్తాలి. ఖాళీ ప్లాస్టిక్ సీసా తిరిగిస్తే 25 సెంట్లు ఎలా వస్తాయో కనుక్కోవాలి. నోరు తిరిగేది ఇలాంటి చోటే.

నాన్నకు ఇంకో మాట చెప్పు. వీసా కోసం, అక్కడి ఖర్చులకు ఉందని ముందే ఖాతాలో వేసి చూపించే బ్లాక్డ్ అకౌంట్ సొమ్ము ఫీజు కింద పోదు, నీ అద్దెకూ తిండికీ నెలనెలా నీ చేతికే వస్తుంది. యూనివర్సిటీలో చేరేవాళ్లకు 2024 సెప్టెంబర్ నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు. నీది భాషా కోర్సు, లెక్క వేరు. ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు అన్నారని కాకుండా జర్మన్ కాన్సులేట్ ఏం రాసిందో నువ్వే చూసుకో. కోర్సు కట్టేముందు వారానికి కనీసం 18 గంటల క్లాసులున్నాయో లేదో కూడా అడుగు. సాయంత్రం క్లాసులకు వీసా రాదు.

అమ్మ ఏడుపు నువ్వు ఆపలేవు. వేళ మాత్రం చెప్పగలవు. అక్కడి వేసవిలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, అక్టోబర్ చివరి ఆదివారం నుంచి నాలుగున్నర. అమ్మ సీరియల్ అయ్యాక తొమ్మిదిన్నరకు మాట్లాడితే నీకు చలికాలంలో సాయంత్రం ఐదు. డిసెంబర్లో అప్పటికే చీకటి పడి ఉంటుంది, దిగులేసే వేళ కూడా అదే. ఆ ఫోన్ అమ్మకెంత అవసరమో నీకూ అంతే.

నాన్న ఏమన్నారో మళ్లీ రాయి. ఈసారి ఉత్తరంలో బ్రాకెట్లు ఉండకూడదు.