అమెరికాలో నల్లజాతి రైతులకు రుణమాఫీ ఇచ్చారు కదా, ఇంకా భూములు ఎందుకు పోతున్నాయి? వాళ్లు చేయగలిగిందేమిటి?

మాఫీ అసలు అందలేదు. 2021లో అమెరికన్ కాంగ్రెస్ సుమారు 400 కోట్ల డాలర్ల మాఫీకి చట్టం చేస్తే, తెల్లజాతి రైతులు కేసులు వేశారు, కోర్టులు ఆపేశాయి, మరుసటి ఏడాది ఆ సెక్షన్‌నే రద్దు చేశారు. వివక్ష మీద నల్లజాతి రైతులు అమెరికా వ్యవసాయ శాఖపై వేసిన కేసులో కుదిరిన 1999 పిగ్‌ఫర్డ్ ఒప్పందంలో డబ్బు వచ్చిన ఎక్కువ మందికి ముట్టింది తలా 50,000 డాలర్లు. దాంతో పోయిన పొలం తిరిగి రాదు. 1920లో 9 లక్షల పైచిలుకు ఉన్న నల్లజాతి రైతులు 2022 లెక్కల్లో 50 వేల లోపే. 2025 జులైలో వ్యవసాయ శాఖ జాతి ఆధారంగా ఇచ్చే ప్రాధాన్యాలనూ తీసేసింది. కాబట్టి నా సలహా: మాఫీ కోసం ఎదురుచూడకుండా ముందు భూమి కాగితాలు సరిచేసుకోవాలి.

దక్షిణాది రాష్ట్రాల్లో అసలు చిల్లు వారసత్వ భూమి దగ్గర ఉంది. లాయర్లు అందుబాటులో లేక, కోర్టుల మీద నమ్మకం లేక చాలామంది వీలునామా రాయకుండానే పోయారు. మన దగ్గర తాత పేరు మీదే ఉండిపోయిన పాసుపుస్తకం లాంటిదే, కానీ ప్రమాదం ఇంకా ఎక్కువ. తాతకు 40 ఎకరాలు, ఐదుగురు పిల్లలు. వాళ్లలో ఒకరికి నలుగురు సంతానం అనుకోండి. ఆ నలుగురిలో ఒక్కొక్కరిది 20లో ఒక వంతు. లెక్కకు 2 ఎకరాలే గానీ ఫలానా 2 ఎకరాలు అని ఉండదు, మొత్తం భూమిలో వాటా. ఎక్కడో షికాగోలో ఉన్న మనవడు ఆ వాటాను చవగ్గా అమ్మేస్తే, కొన్న రియల్ ఎస్టేట్ మనిషి సహ యజమాని అయిపోతాడు. కోర్టుకెళ్లి 40 ఎకరాలనూ అమ్మి పంచమంటాడు. పాత పద్ధతిలో అది వేలంలో అయినకాడికి పోయేది.

దీనికి విరుగుడుగా 2010లో ఒక నమూనా చట్టం తయారైంది. జార్జియా, అలబామా, మిసిసిపీ వంటి రాష్ట్రాలు ఆమోదించాయి. సౌత్ కరోలినాలో దానికి చార్లెస్టన్ చర్చి కాల్పుల్లో చనిపోయిన ఆ రాష్ట్ర సెనేటర్ క్లెమెంటా పింక్నీ పేరే పెట్టారు. దాని ప్రకారం కోర్టు భూమికి విలువ కట్టిస్తుంది. అమ్మకం అడిగినవాడి వాటాను మిగతావాళ్లు కొనుక్కోవచ్చు. విలువ 2,00,000 డాలర్లు అయితే పై వాటాకు 10,000 కడితే చాలు. నోటీసు వచ్చాక కొంటామని చెప్పడానికి 45 రోజులే గడువు. నోటీసును పక్కన పడేసిన కుటుంబం ఇక్కడే చేజార్చుకుంటుంది.

ముందు చేయాల్సింది వంశవృక్షం: మరణ ధ్రువపత్రాలు, కోర్టు రికార్డుల్లోని పాత దస్తావేజు, ఎవరెవరు వారసులో తెలిపే అఫిడవిట్. తర్వాత ఫార్మ్ నంబర్, అంటే వ్యవసాయ శాఖ పొలానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య. ఇది లేకుండా ఎఫ్‌ఎస్‌ఏ (ఆ శాఖ కింది ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) అప్పులు, విపత్తు సాయం అందవు. దస్తావేజు మీ పేర లేకపోయినా 2018 వ్యవసాయ చట్టం దారి చూపింది. 2010 నమూనా చట్టం ఉన్న రాష్ట్రాల్లో అయితే అది వారసత్వ భూమేనని కోర్టు ఉత్తర్వు, లేదా పాత యజమాని చనిపోయాడనీ, కనీసం ఒక వారసుడు పేరు మార్పిడి మొదలుపెట్టాడనీ రికార్డుల అధికారి పత్రం కావాలి. ఆ చట్టం లేనిచోట మెజారిటీ ఆమోదించిన సహ యజమానుల ఒప్పందం చెల్లుతుంది. ఇందులో మెజారిటీ అంటే తలల లెక్క కాదు, వాటాల లెక్క. చాలామంది ఇక్కడే పొరపడతారు. గత 5 ఏళ్ల ఆదాయపు పన్ను రిటర్న్‌లు కూడా పనికొస్తాయి. ఆస్తి పన్ను కట్టిన రసీదులు మాత్రం ఎన్ని ఉన్నా హక్కు మీ ఒక్కరిదైపోదు.

వాటాలు కొనడానికి, సర్వే ఖర్చులకు ఎఫ్‌ఎస్‌ఏ 2021లో మొదలుపెట్టిన రీలెండింగ్ పథకం ఉంది. అప్పు ఇచ్చేది మధ్యవర్తి సంస్థలు. కొత్త భూమి కొనడానికి, సాగు పెట్టుబడికి అది రాదు.

ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసుకు వెళ్లిన ప్రతిసారీ, నోటిమాటగా అడిగినా సరే, సర్వీస్ రసీదు తీసుకోండి. నోటితో "కుదరదు" అని పంపేయడమే పాత వివక్ష పద్ధతి, దానికి సాక్ష్యం ఉండదు. తిరస్కరణ కాగితం మీద వస్తే 30 రోజుల్లో వ్యవసాయ శాఖ అప్పీళ్ల విభాగమైన నేషనల్ అప్పీల్స్ డివిజన్‌కు వెళ్లాలి. వివక్ష ఫిర్యాదు వేరు, దానికి 180 రోజులు.